ఎకరం ఇరవై అనగానేమి?

నా ఫిర్యాదు ఒక మాట మీద. మనిషి మీదయితే ఠాణా ఉంది. మునిసిపాలిటీ మీదయితే పత్రికల్లో లేఖల శీర్షిక ఉంది. అల్లుడి మీదయితే వియ్యంకుడున్నాడు. మాట మీద ఫిర్యాదు తీసుకునే కార్యాలయం మాత్రం ఈ రెండు రాష్ట్రాల్లో ఎక్కడా లేదు. అందుచేత పాఠక మహాశయులనే ధర్మపీఠం మీద కూర్చోబెట్టి విన్నవించుకుంటున్నాను. నిందితుడి పేరు ఎకరం. పాత దస్తావేజుల్లో 'య' అనే ఒక్క అక్షరంతోనూ తిరుగుతూ ఉంటాడు. వృత్తి వ్యవసాయమని చెప్పుకుంటాడు గానీ, చాలాకాలంగా చేస్తున్నది రియల్ ఎస్టేటు. ఒక గౌరవనీయమైన కుటుంబంలో శాంతిభద్రతలకు భంగం కలిగించాడన్నది అభియోగం.

జరిగిన సంగతి చెప్పకపోతే అభియోగం నిలవదు కాబట్టి చెబుతాను. మాది తణుకు దగ్గర పల్లె. మా ఆవిడ పుట్టిల్లు విజయనగరం. ఉద్యోగం పేరు చెప్పి హైదరాబాదు చేరి, ఇక్కడే ఓటు హక్కు సంపాదించుకుని, ఇక్కడి పిల్లవాడికే పిల్లనిచ్చాం. వియ్యాలవారిది సిద్దిపేట పక్క. వియ్యంకుడు ఉత్తముడు. కట్నం ఊసెత్తలేదు సరికదా, కొడుకు పేర ఏముందో ఏం లేదో దాపరికం లేకుండా తనే చెప్పబోయాడు. గోల అక్కడే మొదలైంది.

"బావా, పిలగాని పేరు మీద ఎకరం ఇర్వై ఉన్నది. బోరున్నది. పాసుబుక్కు గూడ వాని పేరు మీదనే ఉన్నది" అన్నాడాయన.

తణుకు నుంచి వచ్చిన మా పెద్దన్నయ్య నా చెవి దగ్గరికి వంగి, "ఎకరం ఇరవై సెంట్లట. ఎకరంపావు కూడా లేదురా" అని గుసగుసలాడాడు. మా వంశంలో గుసగుస అంటే వీధి చివరిదాకా వినబడుతుంది.

"అదేంది బావా, ఎకరంపావు ఎట్లయితది? ఎకరంనర గద!" అన్నాడు వియ్యంకుడు.

"ఇరవై సగం ఎప్పుడైందండీ?"

"నలభైల ఇర్వై సగం గాదా?"

"వందలో ఇరవై అయిదో వంతు కాదుటండీ?"

ఇద్దరూ లెక్కల్లో గట్టివాళ్ళే. ఇద్దరూ చెప్పిందీ రైటే. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు. ఎకరం ఇరవై అంటే సిద్దిపేటలో 7,260 గజాలు, తణుకులో 5,808 గజాలు. నోటిమాట ఒకటే, కాగితం మీద అంకె ఒకటే, మధ్యలో 1,452 గజాలు ఏ గాలికి పోయాయో తెలియదు. హైదరాబాదు చుట్టుపక్కల అంత జాగా కోసం తోడబుట్టినవాళ్ళే మొహాలు చూసుకోవడం మానేస్తున్నారు. కొత్త చుట్టాలు ఎంత?

ఈ మంట చల్లారకముందే వంటింట్లో రెండోది అంటుకుంది. "మా మామ ఆడపిల్లల పెండ్లిళ్ళకు పది గుంటలు అమ్మిండు వదినా" అని వియ్యపురాలు మామూలుగానే చెప్పింది. విజయనగరంలో గుంట అంటే ఆడపిల్ల. గుంటడంటే మగపిల్లవాడు. మా ఆవిడ చేతిలో కాఫీ గిన్నె అలాగే పట్టుకుని హాల్లోకి వచ్చి, నన్ను పక్కకు పిలిచి, "పది గుంటల్ని అమ్మీసినారటండీ! ఆ ఇంటికా మన గుంటనిస్తం?" అంది. పైగా మా వైపు గుంట అంటే గొయ్యి. ఒకరికి పొలం, ఒకరికి పిల్ల, ఒకరికి గొయ్యి. ఆ పూట ఎవరు ఎందులో పడ్డారో వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఆ పాసుపుస్తకం. అందులో ఎకరానికీ గుంటలకూ మధ్య ఒక చుక్క పెడతారు. ఆ చుక్కను చూసి దశాంశ బిందువనుకుంటే కొంప మునిగినట్టే. 1.39 తర్వాత 1.40 రాదు, 2.00 వస్తుంది. వియ్యంకుడి కాగితాల్లో రెండు సర్వే నంబర్ల కింద 0.25, 0.25 అని ఉంటే మా అబ్బాయి సెల్‌ఫోన్‌లో కూడి 0.50 అన్నాడు. మా అన్నయ్య అర్ధెకరం అన్నాడు. అసలు లెక్క యాభై గుంటలు, అంటే 1.10, అంటే ఎకరంపావు. లక్షల మీద లెక్కలు చెప్పే యంత్రానికి అయిదో తరగతి కూడిక రాలేదని మా వియ్యంకుడు సానుభూతిగా చూశాడు.

ఇంత చిచ్చు పెట్టినవాడి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోకుండా ఊరుకోవడం గృహస్థ ధర్మం కాదు. పుస్తకాలు తిరగేశాను. తేలిందేమంటే, ఈ ఎకరం అనేవాడు పుట్టినప్పుడు కొలతే కాదు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం పొలం, అంతే. ఎంత పొలం అని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. వాడి దాయాది జర్మన్ భాషలో 'ఆకర్' పేరుతో ఇప్పటికీ పొలంగానే బతుకుతున్నాడు, కొలత జోలికి పోలేదు. లాటిన్‌లో 'అగెర్', గ్రీకులో 'అగ్రోస్', అన్నీ పొలాలే. వ్యవసాయశాఖవారి అగ్రికల్చర్‌లో ముందున్న 'అగ్రి' ఆ లాటిన్ పొలమే. ఇంగ్లీషులో యాత్రికుణ్ణి పిల్గ్రిమ్ అంటారే, ఆ మాట కడుపులోనూ అదే పొలం దాక్కుని ఉంది. సొంత పొలాలు దాటి పోయినవాడు, పరాయివాడు అని మొదటి అర్థమట. పొలాలు దాటి హైదరాబాదు వచ్చిన మాలాంటి వాళ్ళందరం ఆ లెక్కన యాత్రికులమే.

ఋగ్వేదంలో 'అజ్ర' అని ఒక మాట ఉంది. మైదానం, పొలం అని అర్థం. ఇది చదివి వినిపించడం నేను చేసిన పుణ్యం. అప్పటినుంచి మా బావమరిది, ఎకరం మనదే, దొరలు ఎత్తుకుపోయి మళ్ళీ మనకే అంటగట్టారు అని ప్రతి శుభకార్యంలోనూ ఉపన్యసిస్తున్నాడు. భాషా శాస్త్రజ్ఞులు చెప్పేది వేరు. అజ్ర, అగ్రోస్, అగెర్, ఎకరం తోబుట్టువులు. వాటన్నిటికీ ఒక ముత్తవ్వ ఉంది, ఆవిడ మన దగ్గరా లేదు, దొరల దగ్గరా లేదు. పశువుల్ని తోలడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టి ఉంటుందని వాళ్ళ ఊహ. అంటే గొడ్లను తోలుకుపోయిన బీడు మెల్లిగా దున్నిన పొలమైందన్నమాట. మా బావమరిదికి ఈ సంగతి చెప్పలేదు. చెబితే గొడ్లు కూడా మనవే అంటాడు.

అలా నోరులేని పొలంగా పడి ఉన్నవాణ్ణి కొలతగా మార్చింది ఎద్దు. ఒక నాగలి ఒక రోజులో దున్నగలిగినంత మేర ఎకరం అన్నారు ఇంగ్లండు రైతులు. ఇందులో వాళ్ళ ప్రత్యేక ప్రజ్ఞేమీ లేదు. రోమనులు కాడి ఎడ్లు ఒక రోజు దున్నే మేరకు కాడి పేరే పెట్టుకున్నారని రెండువేల ఏళ్ళనాటి ప్లీనీ రాసిపెట్టాడు. జర్మన్లు 'మోర్గెన్' అన్నారు, అంటే ఉదయం. పూట పనికి పూట పేరే. మనవాళ్ళు ఇంకా గడుసువాళ్ళు. రోజు లెక్క ఎద్దుకు అవమానమనుకున్నారో ఏమో, ఏడాది లెక్క పెట్టారు. "మాకు రెండు అరకల వ్యవసాయం ఉండేది" అని మా తాత అనేవాడు. రెండు జతల ఎడ్లు ఏడాది పొడుగునా సాగు చేయగలిగినంత భూమి అని. అది ఎన్ని ఎకరాలు తాతా అంటే, "నేలనిబట్టి ఉంటుందిరా" అనేవాడు. అప్పుడది మాట దాటవేయడం అనిపించింది గానీ, అంతకన్నా కచ్చితమైన జవాబు తరవాత ఏ రెవెన్యూ అధికారీ చెప్పలేదు.

ఇంగ్లండు ఎద్దు దగ్గరికే వద్దాం. అక్కడి బంకనేలలో బరువైన నాగలికి ఎనిమిదేసి ఎడ్లను కట్టేవారు. ఎనిమిది ఎడ్లను వెనక్కి తిప్పడం మన ట్రాఫిక్‌లో లారీని తిప్పడం కంటే కష్టం. అందుకని వీలైనంత దూరం తిప్పకుండా తోలేవారు. ఎడ్లు ఊపిరి తీసుకోకుండా లాగగలిగిన ఆ పొడుగు చాలుకే ఫర్లాంగు అని పేరు. చాలు పొడుగు అనే ఆ మాటకు అర్థం. మా చిన్నప్పుడు రోడ్డు పక్కన ఫర్లాంగు రాళ్ళుండేవి. బస్సు దిగాక ఊరు మూడు ఫర్లాంగులు అనేవాళ్ళం. ఎవడి ఎద్దో ఎక్కడో అలిసి ఆగిన దూరాన్ని మనం నెత్తిన సంచి పెట్టుకుని నడిచామని అప్పుడు తెలిస్తే ఆ బస్సువాడితో గట్టిగా దెబ్బలాడి ఉందును.

ఫర్లాంగు 660 అడుగులు. అది పొడుగు. అందులో పదోవంతు, 66 అడుగులు, వెడల్పు. పదమూడు, పధ్నాలుగు శతాబ్దాల సంధిలో ఏలిన ఒకటో ఎడ్వర్డు రాజు కాలానికి ఈ లెక్క శాసనమైంది. పదహారున్నర అడుగుల కర్రతో నలభై కర్రల పొడుగు, నాలుగు కర్రల వెడల్పు. ఆరువందల అరవైని అరవై ఆరుతో హెచ్చవేయండి. 43,560 చదరపు అడుగులు. పోనీ నలభై వేలు అనకూడదా? యాభై వేలు అనకూడదా? పిల్లల చేత ఆ అంకె బట్టీ పట్టించే ప్రతి తండ్రి తరపునా అడుగుతున్నాను. జవాబు ఏమిటంటే, ఎద్దుకు సున్నాల మీద గౌరవం లేదు.

ఆ తరవాత 1620లో ఎడ్మండ్ గంటర్ అనే లెక్కల పండితుడు రంగంలోకి దిగాడు. 66 అడుగుల గొలుసు చేయించి, దాన్ని సరిగ్గా వంద లింకులుగా విడగొట్టాడు. ఆయన తెలివి చూడండి. గొలుసు పొడుగు, గొలుసు వెడల్పు ఉన్న చదరాలు పది పెడితే ఎకరం. ఎద్దు చెడగొట్టిన లెక్కను ఆయన పదులతో చక్కబెట్టాడు. సర్వేయరు లింకుల్లో హెచ్చవేసి, చివర అయిదు అంకెలు పక్కకు నెడితే ఎకరాలు వచ్చేస్తాయి. మా ఊళ్ళో గొలుసు పట్టిన రోజులు నాకు గుర్తున్నాయి. రెండు కొసల్లో ఇత్తడి పిడులు, పదేసి లింకులకు ఒక ఇత్తడి బిళ్ళ. మొదటి బిళ్ళకు ఒక పన్ను, రెండోదానికి రెండు, అలా నాలుగు దాకా, సరిగ్గా మధ్యలో గుండ్రటి బిళ్ళ. దాన్ని ముట్టుకోవాలని పిల్లలం గొలుసు వెంట పరిగెత్తేవాళ్ళం. పెద్దలు వేరే కారణానికి పరిగెత్తేవారు. గొలుసు బిగించి లాగితే ఒక లెక్క, కాస్త వదులుగా గట్టు మీద పారేస్తే ఇంకో లెక్క వచ్చేది. వదులు చేసినవాడికి మధ్యాహ్నం భోజనం ఎవరింట్లో జరిగిందో ఊరంతా గమనించేది. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో వంశపారంపర్య కరణీకాలూ మునసబీలూ రద్దయ్యాయి గానీ, వదులు రద్దు కాలేదు.

ఆ గొలుసును మీరూ రోజూ చూస్తున్నారు. క్రికెట్ పిచ్ పొడుగు 22 గజాలు, అంటే 66 అడుగులు, అంటే గంటర్ గారి గొలుసు ఒకటి. పిచ్ పొడుగంత వెడల్పు, పది పిచ్‌లంత పొడుగు ఉన్న నేల ఎకరం. మా కాలనీలో ఖాళీ జాగా ఇంకా మిగిలి ఉన్న రోజుల్లో పిల్లలు వికెట్లు పాతుకుని కొలిచింది ఎకరం వెడల్పునే. ఇప్పుడా జాగాలో అయిదంతస్తులు లేచాయి కనక కొలవడానికి వికెట్లూ లేవు, వెడల్పూ లేదు.

ఇంతవరకూ ఇంగ్లండు గొడవ. మనింటి గొడవకు మూలం ఈస్టిండియా కంపెనీవాళ్ళు. నిజాం 1800లో దత్తమండలాలను కంపెనీకి ఇచ్చేశాక, అక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఊరూరా పొలాలు కొలిపించి రైతుకు నేరుగా శిస్తు కట్టాడు. రాయలసీమవాళ్ళు ఆయన మీద అభిమానంతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. శిస్తు కట్టినవాడి పేరు పెట్టుకునే సంస్కారం మన జాతికే ఉంది. ఆ మండలాలు చేరిన మద్రాసు రాజధానిలో క్రమంగా ఎకరాన్ని వంద భాగాలు చేసి సెంటు అనే లెక్క పాతుకుపోయింది. నూరో వంతు కనక సెంటు. అది 435.6 చదరపు అడుగులు, 48.4 గజాలు. అత్తరు సెంటుకూ దీనికీ సంబంధం లేదు. మూడు సెంట్ల జాగా కొనాలంటే ఏ పూల వాసనా రాదు, బ్యాంకు అప్పు వాసన వస్తుంది.

బొంబాయి రాజధానివాళ్ళది వేరే దారి. వాళ్ళు గంటర్ గొలుసులో సగం, 33 అడుగులది పట్టుకున్నారు. దాన్ని వందగా కాక పదహారు అణాలుగా విడగొట్టారు. రూపాయికి పదహారు అణాలు కనక గొలుసుకూ పదహారే. ఆ గొలుసు పొడుగు, ఆ గొలుసు వెడల్పు ఉన్న చదరం గుంట. 1,089 చదరపు అడుగులు, 121 గజాలు. అలాంటివి నలభై అయితే ఎకరం. హైదరాబాదు సంస్థానం తన సర్వేకు బొంబాయి పద్ధతినే తెచ్చుకుంది. గుంటకూ గంటర్ దొరకూ చుట్టరికం కలిపేవాళ్ళు కొందరున్నారు. పేర్ల పోలిక చూసి చుట్టరికాలు కలుపుకుంటూ పోతే గుంటూరు కూడా ఆయన మామగారి ఊరే అవుతుంది.

కాబట్టి, మహాశయులారా, మా హాల్లో ఆవేళ కొట్లాడింది తణుకూ సిద్దిపేటా కావు. మద్రాసు, బొంబాయి. ఎప్పుడో వెళ్ళిపోయిన కంపెనీ కలెక్టర్లు ఇద్దరు మా సోఫాలో కూర్చుని, నేను పెట్టించిన ఉప్మా తింటూ, నా కూతురి పెళ్ళి చెడగొట్టబోయారు. రాజీ కుదిర్చింది ఏ లెక్కల మాస్టారూ కాదు. "ఎకరంనర అంటే ఎకరంనర. చిల్లర చదవడం మానండి" అని మా వదినగారు కేకేశారు. ఎకరంనర రెండు రాష్ట్రాల్లోనూ ఎకరంనరే. మన భిన్నాలు, అర, ముప్పావు, పావు, ఏ కలెక్టరుకూ లొంగలేదు.

నా అసలు బాధ ఇంకొకటి ఉంది. ఎకరం రాకముందు మనకు కొలతలు లేక కాదు. శాతవాహనుల కాలపు నాసిక్ శాసనాల్లో నివర్తనాలు ఉన్నాయి. తెలుగు శాసనాల్లో మర్తురు కనిపిస్తుంది. పుట్టి, తూము, కుంచం ధాన్యానికీ ఉన్నాయి, నేలకూ ఉన్నాయి. పుట్టెడు విత్తనాలు పట్టే నేల పుట్టెడు నేల. మా గోదావరి వైపు ఇప్పటికీ పది సెంట్లను కుంచం అంటాం. పది సెంట్లంటే గంటర్ గొలుసుకు సరిగ్గా ఒక చదరం, తెలంగాణ లెక్కలో సరిగ్గా నాలుగు గుంటలు. మూడు లెక్కలూ మొదటిసారి చేతులు కలిపే చోటు అదే. ఆ ఒక్క చోట మా అన్నయ్యనూ వియ్యంకుణ్ణీ కూర్చోబెట్టి ఉంటే గోలే లేకపోయేది.

విత్తనాలతో కొలిచినా, అరకలతో కొలిచినా, పాత లెక్క నేల మొహం చూసి మాట్లాడేది. ఎకరం మొహం చూడదు. కృష్ణా డెల్టాలో రెండు పంటలు పండే మాగాణీ ఎకరమే, అనంతపురంలో వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూసే ఎర్రనేలా ఎకరమే. రెండూ 43,560 చదరపు అడుగులే. ఈ సమానత్వం అబద్ధమని ప్రభుత్వమే ఒప్పుకుంది. 1973లో ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం తెచ్చినప్పుడు, అయిదుగురున్న కుటుంబానికి మాగాణి అయితే నేల తరగతినిబట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు అని పరిమితి పెట్టింది. ఒకచోట పది, ఇంకోచోట యాభై నాలుగు, రెండూ సమానమని శాసనసభ సాక్షిగా రాసుకున్నారు. ఎకరం ఎంత అని శాసనసభను అడిగితే, మా తాత చెప్పిన జవాబే చెప్పింది, నేలనిబట్టి ఉంటుందని.

ఈ ఎకరాన్ని దేశబహిష్కారం చేయాలని ఢిల్లీవారు ప్రయత్నించకపోలేదు. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. శేరు పోయి కిలో వచ్చింది, మైలు పోయి కిలోమీటరు వచ్చింది, ఫర్లాంగు రాళ్ళు చెరువు గట్టు మెట్లయ్యాయి. హెక్టారు మాత్రం ఇప్పటికీ వ్యవసాయశాఖ ప్రకటనల్లోంచి బయటికి రాలేదు. అదేమీ చిన్న ముక్క కాదు, 2.47 ఎకరాలు. అయినా ఏ రైతూ "నాకు హెక్టారుంది" అనగా నేను వినలేదు. కేంద్రం 2019లో కిసాన్ సమ్మాన్ మొదలుపెట్టినప్పుడు రెండు హెక్టార్ల లోపువారికి అంది. అంతకు ఏడాది ముందు తెలంగాణ రైతుబంధు ఎకరానికి పంటకు 4,000 రూపాయలంది. ఏది రైతుకు వెంటనే అర్థమైందో చెప్పనక్కర్లేదు. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వినోబా భావే భూమి లేనివాళ్ళ గోడు వినిపిస్తే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు, భూదానోద్యమం అక్కడే పుట్టింది. ఆయన లేచి నలభై పాయింటు నాలుగు ఏడు హెక్టార్లు ఇస్తానని ఉంటే ఉద్యమం మాట అటుంచి, ఆ సభలో చప్పట్లయినా పడేవా?

ఎద్దు పోయింది. ట్రాక్టరువాడు గంటకు ఇంత అని తీసుకుని ఎకరాన్ని పొద్దు ఎక్కకముందే దున్ని పోతున్నాడు. ఒక రోజు దుక్కి అనే అర్థం ఆ మాటలోంచి ఎప్పుడో జారిపోయింది. పట్నం పొలిమేర తగిలేసరికి ఎకరమే జారిపోతుంది. ఎకరంలో రోడ్లకు కొంత, పార్కుకు కొంత పోను మిగిలింది గజాలు. నెల్లూరు వెళ్తే అంకణాలు. పూర్వం ఇంట్లో రెండు దూలాల మధ్య జాగా అంకణం. ఇవాళ నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. ఆ రెండు ఊళ్ళ మధ్య కొండా లేదు, సముద్రమూ లేదు, అయినా బస్సెక్కి దిగేలోపు అంకణం సగమైపోతుంది. ఈ అంకణం మీద వేరే ఫిర్యాదు రాయవలసి ఉంది, ఇప్పటికి వాయిదా వేస్తున్నాను.

డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు మాత్రం హాయిగా ఉన్నాడు. "మామయ్యా, మా ఇల్లు పావెకరం లాట్" అంటాడు. అమెరికాలో ఇప్పటికీ ఎకరమే చలామణి, అదే 43,560 చదరపు అడుగులు. వాడికి గుంట తెలియదు, గజం తెలియదు. సెంటు అంటే డాలరులో నూరోవంతు అనుకుంటాడు. పావెకరం అంటే పాతిక సెంట్లు, పది గుంటలు, 1,210 గజాలు అని నేను ఫోనులో లెక్క కట్టి చెబితే, "అబ్బో, అంతుందా!" అని వాడికి వాడే ఆశ్చర్యపోయాడు. ఇన్నాళ్ళూ తన ఆస్తి విలువ తెలియకుండా బతికాడు పాపం.

ఇక నా కోరికలు. ఎకరాన్ని దేశం నుంచి వెళ్ళగొట్టమని నేను అడగడం లేదు. రెండు శతాబ్దాలు తెలుగు నోట్లో నానినవాణ్ణి పరాయివాడనడం అన్యాయం. పైగా వెయ్యేళ్ళ కిందట ఇంగ్లీషువాడు ఆ మాటను పలికిన తీరుకు ఇవాళ్టి దొర 'ఏకర్' కన్నా మన పాత దస్తావేజుల 'యకరమే' దగ్గర. అసలు వారసులం మనమేనేమో. నేనడిగేదల్లా ఆ చుక్కను తీసేయమని. పాసుపుస్తకాల్లో, దస్తావేజుల్లో, దళారుల వాట్సాప్ సందేశాల్లో 1.20 అని రాయడం మానిపించి, ఎకరం ఇరవై గుంటలు లేక ఎకరం ఇరవై సెంట్లు అని అక్షరాలా రాయించండి. సిరా ఖర్చు నేను భరిస్తాను.

అది జరిగేలోపు, ఒక రాష్ట్రంలో పుట్టి ఇంకో రాష్ట్రంలో నేల కొనబోయే చదువరులకు నా మనవి. అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ చుక్క అవతల ఉన్నవి గుంటలా, సెంట్లా అని అమ్మేవాడి చేత నోటితో చెప్పించుకుని, కాగితం మీద రాయించుకోండి. గుంటకు 121 గజాలు. సెంటుకు 48.4.